వేలిముద్ర వేసిన కాయితం

సాయమ్మా,

జొన్న గటక ఉట్టి మీద ఉంది. తినేసి, మధ్యాహ్నం బండి రాకముందే స్టేషన్ పక్కనున్న పోశాలు దుకాణానికి రా. భూముల బేరాలు కుదిర్చే పోశాలే.

ఎదురుగా చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. రజాకార్లకు భయపడి తరిగొప్పుల విడిచి జనగామ వచ్చిన వారానికి, సర్కారుకు కొలవాల్సిన లెవీ ధాన్యం కాయితమని చెప్పి నీ వేలిముద్ర తీసుకున్నాను. అది లెవీ కాయితం కాదు. మీ నాయిన పసుపు కుంకుమ కింద నీకిచ్చిన మూడెకరాలు అమ్మిపెట్టమని పోశాలుతో చేసుకున్న ఒప్పందం. ఆరు నెలల్లోగా అతను ఎవరిని తెస్తే వాళ్లకు అమ్మాలి. ఇవాళ బండికి ఒకాయనను రప్పిస్తున్నాడు.

తిరిగి ఊరికి పోదామని నువ్వు విత్తనాల జొన్నలు మూట కట్టిన రోజు నుంచి నాకు నిద్ర లేదు. రద్దు చేయమని నిన్న పోశాలును బతిమాలాను.

"నీ మాటతోని ఏమైతది బావా? భూమి అక్కది. అక్కనే వచ్చి వద్దనాలె," అన్నాడు.

ఒప్పందం రాసిన రోజు ఆ మాట అతనికీ గుర్తు రాలేదు, నాకూ రాలేదు.

ఊళ్లో సంఘం వాళ్ల రాత్రి బడిలో చదవడం, పేరు రాయడం నేర్చుకున్నానని ఆ రోజు నువ్వు కలం అడిగావు. కలం ఇస్తే చదువుతావని, నేనే నీ బొటనవేలు పట్టుకుని ఒత్తించాను.

పోశాలు ఎటూ వెళ్లకుండా చూడడానికి ముందుగా పోతున్నాను.

రాజలింగం

రద్దు కాయితమైనా సరే, నేను చెప్పానని సంతకం పెట్టకు. మొత్తం చదువు. కలం ఈ చీటీ పక్కనే పెట్టాను.