నాయనకు ఇవ్వని రొట్టె

ఆళ్లగడ్డ, నెలలో మొదటి ఆదివారం

ఈ రోజు చర్చిలో ప్రభువు బల్ల, అంటే యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన. సంఘ పెద్దగా రొట్టె పళ్లెం పట్టుకున్నది నేనే. మూడో వరుసలో కూర్చున్న నాయన ఎప్పటిలాగే దోసిలి పట్టాడు. నేను ఆయన్ని దాటి పక్కవాళ్లకు ఇచ్చాను. చివర్లో నేనూ తిన్నాను.

ఆరాధనకు ముందే పాస్టరు అయ్యగారు చెప్పారు: "ప్రభువు పేరడిగితే చెప్పలేకపోతాండాడు మీ నాయన. ఏం తప్పు చేసినానని తన్ను తాను పరీక్షించుకున్నాకనే రొట్టె తినాలని వాక్యముంది. అది చేయలేనోనికి బల్ల ఎట్ల ఇస్తామప్పా?" నంద్యాల డాక్టరు స్కానింగు చూపించి, మెదడు కుంచించుకుపోయిందని అన్న మాట గుర్తొచ్చి తల ఊపేశాను. నాకు చేతనైంది అదొక్కటే!

ఇప్పుడు ఒళ్లు మండుతోంది. ఎవరైనా చనిపోతే సమాధి దగ్గర ఇదే అయ్యగారు, ఆత్మ ప్రభువును చేరిందని చెబుతారు. చచ్చినవాడి ఆత్మకు అక్కర్లేని మెదడు, బతికున్న నాయన ఆత్మకు ఎందుకు కావాల్సి వచ్చింది?

నేనెవరో నాయన మరిచిపోయి ఏడాదవుతోంది. ఇంటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని అడిగాడు: "అన్నా, నేనేం తప్పు చేసినా? నాకు రొట్టె ఇయ్యకపోతివే?"

పరీక్షించుకున్నది ఆయన. నేను ఊరికే తిన్నాను.