హెలునా తన్నని మనిషి

కైనూ, జులై

పాడి రైతుల సెలవుల విభాగం అధికారి గారికి,

నేను సెలవు మీద సరస్సు ఒడ్డున మా అక్క ఇంట్లో ఉన్న వారం, నా బదులు పాలు పితకడానికి మీరు పంపిన రీక్కా గురించి ఈ విన్నపం. ఆమె పనికి వంక పెట్టలేను. పాల మిషన్ కడిగి ఉంది, దూడలు నున్నగా ఉన్నాయి. అయినా వచ్చే నెల సెలవుకు ఆమెను పంపవద్దని కోరుతున్నాను.

కారణం రాయాలి కాబట్టి రాస్తున్నాను. మా ఆవు హెలునా నన్ను తప్ప ఎవరినీ పొదుగు ముట్టనివ్వదు. మా ఆయన తౌనోనే తన్నింది. ఊళ్ళో అందరూ ఆ మాట చెప్పుకుంటుంటే నాకు లోలోపల గర్వంగా ఉండేది. "జాగ్రత్త, తంతుంది" అని రీక్కాకు మరీ మరీ చెప్పి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఆ పిల్ల దాని పక్కన కూర్చుని పాట పాడుతోంది. ఇది కళ్ళు మూసుకుని నెమరు వేస్తోంది.

"తన్నలేదా?" అన్నాను.

"ఇదా తన్నేది! పిచ్చితల్లి అక్కా ఇది," అని నవ్వింది.

ఆమె కారు గేటు దాటుతుంటే హెలునా కొట్టం దద్దరిల్లేలా అరిచింది.

"నేను వెళ్ళిన రోజు కూడా ఇలాగే అరిచిందా?" అని తౌనోను అడిగాను.

"ఆ రోజా? మేత మేస్తోంది," అన్నాడు కాఫీ కలుపుకుంటూ. "అవునూ, రీక్కా మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

పై కారణాలను పరిశీలించి, వచ్చే నెల వేరొకరిని పంపగలరు. పని కాస్త తక్కువ తెలిసినా సర్దుకుంటాం. హెలునా తన్నే మనిషైతే చాలు.

ఇట్లు,
హెలునా యజమానురాలు