ఆ పెరడు ఎవరిది?

మార్చి 5, శనివారం

ఇవాళ మూడు తలుపులు. ఒకటి తట్టాను. రెండోదాని దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. మూడో ఇంటి గేటు మీద చెయ్యి కూడా వెయ్యలేదు. తట్టిన ఇంటాయన నా చేతిలో కాగితాలు చూసి, మాకు ఏ మతమూ వద్దన్నాడు. సారీ చెప్పి వచ్చేశాను. ఇది మతం కాదు, మెటల్ డిటెక్టర్ అని చెప్పడానికి కూడా నోరు పెగల్లేదు.

డెంటల్ క్లినిక్ కౌంటర్ వెనక పద్దెనిమిదేళ్ళుగా కూర్చుంటున్నాను. పంటినొప్పితో గోల పెట్టేవాళ్ళని సముదాయిస్తాను, కేకలు వేసేవాళ్ళని కుర్చీలో కూర్చోబెడతాను. అదే నేను పరాయి గుమ్మం ముందు నిలబడితే నాలుక పిడచకట్టుకుపోతుంది. యాభై రెండేళ్ళొచ్చినా లోర్నాకి తలుపు తట్టడం రాదని నెవిల్ పబ్బులో అందరికీ చెప్పాడట. కట్టుకున్నవాడు కదా, ఆ మాత్రం హక్కు ఉంది.

డిటెక్టర్‌తో నేలలో పాత వస్తువులు వెతికే మా క్లబ్బులో మిగతావాళ్ళకి పొలాలున్నాయి. ఒకడికి బావమరిది రైతు, ఇంకొకడికి మేనమామ రైతు. నాకు ఎవరూ లేరు. రాగ్‌థార్ప్‌లో చర్చి వెనక వీధి చాలా పాతది. ఆ పెరళ్ళలో నాలుగైదు వందల ఏళ్ళుగా మనుషులు ఏవేవో పారేసుకుంటూనే ఉన్నారు. అవి దొరకాలంటే ఇంటివాళ్ళని అడగాలి. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అమ్మని అడగడం తేలిక.

మార్చి 6

వాన. బతికిపోయాను.

మార్చి 12, శనివారం

సరే అంది! ఐదో నంబరు ఇల్లు. మిసెస్ ట్రాంటర్, ఎనభై ఒక్క ఏళ్ళు, చేతులకి మోచేతుల దాకా పిండి. అద్దం ముందు పదిసార్లు చెప్పుకున్న ఉపన్యాసమంతా ఆవిడ మీద గుమ్మరించాను. గడ్డిని పెళ్ళగా కోసి పక్కన పెడతానని, మళ్ళీ అలాగే పెట్టి తొక్కేస్తానని, తవ్విన ఆనవాలు ఉండదని, దొరికిందంతా చూపిస్తానని. ఆవిడ చివరిదాకా వింది. పెరడంతా నీ ఇష్టం అమ్మాయీ, ఆ పుల్లటి కాడల రూబార్బ్ మొక్కల జోలికి మాత్రం వెళ్ళకు అంది. ఇరవై రెండేళ్ళుగా ఆ మట్టితోనే ఉందట. నా పెరడు, నా మట్టి అని మాటకి ముందొకసారి, వెనకొకసారి.

క్లబ్బు పర్మిషన్ కాగితం తీశాను. కళ్ళజోడు ఎక్కడో పెట్టిందట, మాటంటే మాటే, కాగితమెందుకు అంది. నేను కూడా మడిచి జేబులో పెట్టేసుకున్నాను. ఆ ఆనందంలో ఆవిడ నా ప్రాణం అడిగినా ఇచ్చేసేదాన్ని.

మార్చి 19

మొదటి రోజు. బీరు డబ్బా మూతలు పదకొండు. జార్జి రాజు పెన్నీ ఒకటి. సీసపు బొమ్మ సిపాయి చెయ్యి. మిసెస్ ట్రాంటర్ కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుంది. డిటెక్టర్ కూత వేసినప్పుడల్లా లేచి నిలబడుతుంది. మూత వచ్చినా పెన్నీ వచ్చినా ఆవిడకి ఒకటే సంబరం. టీ నాలుగుసార్లు ఇచ్చింది. ఇంత హాయిగా ఉండి ఎన్నాళ్ళయిందో.

మార్చి 26, ఈస్టర్ ముందు శనివారం, సాయంత్రం



పక్కింటి గోడ పక్కన, జానెడు లోతున. కూత వేరేగా ఉంది, మెత్తగా, నిలకడగా. మట్టిపెళ్ళ విరిచేసరికి పసుపు అంచు కనిపించింది. బంగారం నేల లోపల ఎన్నేళ్ళున్నా నల్లబడదు, నిన్న పారేసుకున్నట్టే ఉంటుంది. సన్నటి ఉంగరం, లోపలివైపు పాతకాలపు అక్షరాలు.  మిసెస్ ట్రాంటర్ దాన్ని కొంగుతో తుడిచినట్టు ఏప్రన్‌తో తుడిచి, నేను వద్దంటున్నా వినకుండా వేలికి పెట్టేసుకుంది. కణుపు దగ్గర ఇరుక్కుపోయింది. సబ్బు, వెన్న, చన్నీళ్ళు. పావుగంట పాటు నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ మాత్రం, రానీ రాకపోనీ, ఎంత బాగుందో చూడు అంటూ నవ్వుతూ కూర్చుంది. చివరికి ఊడొచ్చింది, నేను ఇంటికి తెచ్చుకున్నాను.

మూడువందల ఏళ్ళు దాటిన బంగారమైతే చట్టప్రకారం పధ్నాలుగు రోజుల్లో ఇలాంటివి విచారించే అధికారి కరోనర్‌కి తెలియజెయ్యాలి. మ్యూజియంలో ఇందుకోసమే ఒక ఆఫీసరమ్మ ఉంది, ఆవిడకి అప్పగిస్తే చాలు. అంటే ఏప్రిల్ 9 లోపల.

మార్చి 28, సోమవారం

మ్యూజియం ఫారంలో మూడో గడి: స్థలం యజమాని పేరు, సంతకం.

మిసెస్ ట్రాంటర్ కళ్ళజోడు వెతికిపెట్టి మరీ కాగితం ముందు పెట్టాను. ఆవిడ చదివి, పెన్ను బల్ల మీద పెట్టేసింది. యజమాని నేను కాదుగా అంది, ఇవాళ పాలు రాలేదని చెప్పినంత మామూలుగా.

అద్దె ఇల్లు. పెద్దాయన హోల్‌రాయిడ్ తాళంచెవులు చేతిలో పెట్టి ఉండమన్నాడు. ఆయన పోయి ఆరేళ్ళు. ఇప్పుడు ఇల్లు కొడుకు జూలియన్‌ది, లింకన్‌లో ఉంటాడు. అద్దె బ్యాంకు నుంచి దానంతటది పోతుంది. ఆరేళ్ళలో అతను ఒక్కసారి కూడా గుమ్మం తొక్కలేదు. బాయిలర్ పాడైతే ఈవిడే బాగుచేయించుకుంది, కప్పు కారితే ఈవిడే కొత్త పెంకులు వేయించుకుంది. ఫోన్ చేస్తే అతనికి ఇల్లు గుర్తొస్తుందని ఆవిడ భయం.

"వాడు నన్ను మర్చిపోయాడు అమ్మాయీ. మర్చిపోయాడు కాబట్టే ఇంకా ఇక్కడున్నాను. నువ్వు వెళ్ళి గుర్తుచెయ్యకు."

ఇంటికెలా వచ్చానో తెలియదు. యజమానిని అడగకుండా తవ్వేవాళ్ళని క్లబ్బులో ఏమంటామో నాకు తెలుసు. దొంగలంటాం.

మార్చి 29

క్లినిక్‌లో ఇద్దరికి ఒకే టైముకి అపాయింట్‌మెంట్ ఇచ్చాను. తేలు కుట్టిన దొంగలా ఉంది నా బతుకు.

మార్చి 31

నెవిల్‌కి చెప్పాను. టీవీ మీద నుంచి కళ్ళు తిప్పకుండానే తీర్పు చెప్పాడు. ఎక్కడ తీశావో అక్కడే పెట్టెయ్, మూడువందల ఏళ్ళున్నది ఇంకో మూడువందల ఏళ్ళుంటుంది అన్నాడు. చట్టం అన్నాను. చట్టానికి నీ పేరు తెలుసా అన్నాడు. తర్వాత ఆ ఉంగరం ఓసారి చూపించమన్నాడు. సాక్సులో చుట్టి మిక్సింగ్ గిన్నెలో దాచానని చెబితే, దొంగకి కావలసిన లక్షణాలన్నీ ఉన్నాయన్నాడు. నవ్వు రాలేదు.

ఏప్రిల్ 2, శనివారం

క్లబ్బు. సెడ్రిక్ మాల్ట్‌బీ దగ్గర కూర్చున్నాను. ముప్పై ఏళ్ళుగా క్లబ్బు పెద్ద ఆయనే. నా స్నేహితురాలు ఒకావిడ అని మొదలుపెట్టాను. ఆ స్నేహితురాలు ప్రతి ఏడాదీ ఒకరి తరఫున వస్తూనే ఉంటుందిలే అన్నాడు. నా చెవులు కాలిపోయాయి.

తప్పెక్కడో ఆయనే చెప్పాడు. తవ్వుకోవచ్చా అన్నది రెండో ప్రశ్న. నేల ఎవరిది అన్నది మొదటి ప్రశ్న. తలుపు తట్టడానికి జంకేవాళ్ళు మొదటిది మింగేసి రెండోదానికి దూకుతారు, ఎవరో ఒకరు సరే అంటే చాలు బతికిపోయామనుకుంటారు. చేరిన రోజే ఇది చెప్పాను కదా అన్నాడు. ఇంటికొచ్చి పాత నోటుపుస్తకం తీసి చూశాను. ఉంది. నా చేతి రాతే. కింద రెండు గీతలు.

ఇంకొకరి నోటి ద్వారా తెలిసేలోపు నువ్వే వెళ్ళి చెప్పమన్నాడు. ఆ ఇంట్లో ఉన్నావిడ మాటేమిటి అన్నాను. దానికి ఆయన దగ్గర రూల్ లేదు.

ఏప్రిల్ 4

అయిదు రోజులున్నాయి. చెబితే ఆవిడ ఇల్లు పోతుంది. చెప్పకపోతే నేను దొంగని. ఎటు చూసినా దెబ్బ కొట్టేది నా చెయ్యే.

ఏప్రిల్ 6, బుధవారం

పని అవగానే ఉంగరం పట్టుకుని వెళ్ళాను. నెవిల్ మాటే విన్నాను. ఆవిడ బజారుకెళ్ళే వేళ చూసుకుని పక్క గేటు తీసుకుని వెళ్ళి, గోడ పక్క అదే చోట గడ్డి పెళ్ళ లేపాను. ఉంగరం గుంటలో పెట్టాను. మట్టి మాత్రం కప్పలేకపోయాను.  మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాను.

ఆవిడ బజారుకి వెళ్ళలేదు. వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉందట. బయటికొచ్చి నా పక్కన నిలబడింది.

"పాతేస్తే నీకు నిద్ర పట్టదు. నిద్ర పట్టకపోతే రోజూ వచ్చి నా వంటింట్లో కూర్చుని మొహం వేలాడేస్తావు. నేను భరించలేను. వెళ్ళి చెప్పు."

మరి మీరు అన్నాను.

"తవ్వుకోమన్నది నేనే కదా. చెప్పుకోమన్నదీ నేనే అనుకో."

తర్వాత లోపలికెళ్ళి బంగాళాదుంపలు చెక్కడం మొదలుపెట్టింది. తొక్కతో పాటు సగం దుంప పోతోంది. భయపడుతోంది. నాకు కనిపించింది, కనిపించనట్టు కూర్చున్నాను. ఉంగరం నా జేబులో ఉంది. నాకు లోపల ఎక్కడో హాయిగా కూడా ఉంది, అందుకు సిగ్గేసింది.

ఏప్రిల్ 8, శుక్రవారం

సెలవు పెట్టి లింకన్ వెళ్ళాను. జూలియన్ హోల్‌రాయిడ్ ఇంటి తలుపు మొదటిసారికే తట్టాను.

నలభై ఉంటాయేమో. చాలా మర్యాదస్తుడు. కాఫీ ఇచ్చాడు. నేను కక్కినట్టు మొత్తం చెప్పాను. తప్పు నాది, ఆవిడది కాదు, ఆవిడకి కాగితాల సంగతి తెలియదు అని మూడుసార్లు అన్నాను. అతనికి కోపమే రాలేదు. ఉంగరాన్ని వెలుగులో పెట్టి చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. ఫారం మీద సంతకం పెట్టాడు.

"నిజం చెప్పాలంటే, ఆ ఇల్లొకటి మాకుందన్న సంగతే మర్చిపోయానండీ."

ఎన్ని గదులు అని అడిగాడు. మూడు అన్నాను. అక్కడితో ఆగితే నేను లోర్నాని ఎందుకవుతాను? ఆవిడకి మంచి చేద్దామనుకుని ఇంకా చెప్పాను. ఇల్లు ముత్యంలా ఉంచుకున్నారు, కొత్త పెంకులు, కొత్త బాయిలర్, పెరడు చూస్తే కళ్ళు చాలవు అని. అతను తల ఊపుతూ విన్నాడు.

అక్కడి నుంచి నేరుగా మ్యూజియం. అప్పగించి రసీదు తీసుకున్నాను. కారులో పాట పాడుకుంటూ వచ్చాను. ఊరి మలుపు దగ్గరికొచ్చాక, గదులు ఎందుకు అడిగాడా అనిపించింది. 

ఏప్రిల్ 16

ఏమన్నాడని మిసెస్ ట్రాంటర్ అడిగింది. మంచివాడు, ఏమీ అనలేదు అన్నాను. గదుల మాట చెప్పలేదు.

మే 7

ఐదో నంబరుకి టేపు, కెమెరా పట్టుకుని ఒకతను వచ్చాడట. ఇల్లంతా కొలిచాడట. ఆవిడ అతనికి టీ ఇచ్చి, కేకు పెట్టి, రూబార్బ్ కట్ట కూడా ఇచ్చి పంపింది. ఎందుకొచ్చాడని అడగలేదట. నేనూ ఏమీ అడగలేదు. మా ఇద్దరికీ ఒకటే జబ్బు.

జూన్ 4, శనివారం

మిసెస్ ట్రాంటర్‌కి నోటీసు వచ్చింది. జులై నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యాలి. జూలియన్ ఇల్లు అమ్ముతాడట.

 గ్రిమ్స్‌బీలో ఆవిడ మేనకోడలికి రెండో అంతస్తులో ఫ్లాట్ ఉందట, ఓ గది ఇస్తానందట. అక్కడ కుండీలు పెట్టుకోవడానికైనా చోటుందా అంటే, కిటికీ అంచుంది అంది. తిట్టండి అన్నాను. ఎందుకు తిట్టడం, అద్దె ఇంట్లో ఉన్నదాన్ని నా పెరడంటూ తిరిగాను అంది. నేను సింకు దగ్గర నిలబడి ఏడ్చాను. ఎలాగూ అక్కడే ఉన్నావు కదా, ఆ కప్పులు తుడిచిపెట్టు అంది. తుడిచాను.

జూన్ 5, ఆదివారం

మళ్ళీ లింకన్. నా కోసం పరాయి పెరట్లో చారెడు నేల అడగడానికి చచ్చేదాన్ని. ఇవాళ బతిమాలాను. నా జన్మలో ఎవరినీ అంతలా అడగలేదు. ఒక్క ఏడాది ఉండనివ్వండి అన్నాను. ఆరు నెలలన్నాను. ఆ పెంకులు ఆవిడ డబ్బుతోనే వేయించింది అన్నాను. అతను వింటూ కాఫీ పోశాడు. మనసులో ఏమీ పెట్టుకోవద్దన్నాడు, ఇల్లు అంత బాగుందని మీరు చెప్పాకే వెళ్ళి చూశానన్నాడు. గుమ్మం దాకా వచ్చి సాగనంపుతూ, మీరు నొచ్చుకున్నట్టున్నారు, నా చేతనైంది చేస్తానన్నాడు. ఆ మాట పట్టుకుని ఇంటిదాకా వచ్చాను. నెవిల్ ఈసారి జోకు వెయ్యలేదు.

జూన్ 14, మంగళవారం

హోల్‌రాయిడ్ దగ్గర నుంచి ఉత్తరం. పర్మిషన్. సంతకం, తేదీ, అన్నీ ఉన్నాయి. పెరడు మొత్తం, రూబార్బ్ మడితో సహా. ఆగస్టు ఒకటి నుంచి ఇల్లు అమ్ముడుపోయేదాకా ఎప్పుడైనా తవ్వుకోవచ్చట. ఇంట్లో ఎవరూ ఉండరు కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదట.