పన్నెండో రీలులోంచి కోసిన ముక్క

నేను, గట్టు తిమ్మప్ప, కీర్తిశేషులు ఉసేనప్ప కొడుకును, డెబ్బై తొమ్మిదేళ్ల వాణ్ని, గద్వాల చంద్రకళ టాకీసులో ముప్పై ఆరేళ్లు ఆపరేటరుగా సినిమాలు ఆడించినవాణ్ని, ఈ వీలునామా నా చేత్తో నేనే రాసుకుంటున్నాను. చెవులు కొంచెం తగ్గాయి, మోకాళ్లు పూర్తిగా పోయాయి. అయితే ఈ పనికి కావలసింది బుద్ధి ఒక్కటేనని దస్తావేజులు రాసే నరేందర్ చెప్పాడు, అది నాకు సరిగానే ఉంది. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు, మందు పోయలేదు. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. నా తదనంతరం నా ఆస్తి ఈ కింద రాసిన ప్రకారం చెందాలి.

1. నేను ఉంటున్న రెండు గదుల ఇల్లు, వెనక ఖాళీ జాగా, అందులోని నిమ్మచెట్టుతో సహా, వనపర్తిలో టీచరుగా ఉన్న నా ఏకైక కుమార్తె స్రవంతికి సర్వహక్కులతో చెందాలి. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. అమ్మా, ఇల్లు అమ్ముకోవాలనిపిస్తే అమ్ముకో. నాయన గుర్తు అని తాళం వేసి పెట్టుకుంటే చెదలు తింటాయి. మీ అమ్మ తిమ్మమ్మ చీరలు నాలుగు పై అరలో ఉన్నాయి, నేను వాటిని విప్పి చూడలేదు.

2. నా అల్లుడు రాఘవేంద్రకు, ప్రొజెక్టరు దీపానికి వాడే కార్బన్ కడ్డీలు పదకొండు మిగిలి ఉన్నాయి, అవి చెందాలి. పెళ్లయిన కొత్తలో మా ఇంటికి వచ్చిన చుట్టాల ముందు అతను, "మామ పనేముంది, బటన్ ఒత్తుడే గదా" అన్నాడు. చుట్టాలు నవ్వారు. ఆ కడ్డీలను రెంటిని ఎదురెదురుగా పెట్టి, రెండున్నర గంటల సేపు వెలుగు తగ్గకుండా, చేతులు కాల్చుకోకుండా చూడగలిగితే అతను ఆ మాట వెనక్కి తీసుకోనక్కరలేదు. మనిషి మంచివాడే. మా అమ్మాయిని ఒక్కనాడూ కష్టపెట్టలేదు. ఆ మాట మాత్రం నేను మరిచిపోలేదు.

3. చంద్రకళ టాకీసును పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టిన మా ఓనరు కొడుకులకు ప్రొజెక్టరు గది తాళంచెవి వాపసు ఇవ్వాలి. పంతొమ్మిదేళ్లుగా నా దగ్గరే ఉంది. తాళమూ లేదు, తలుపూ లేదు. అయినా వాళ్ల వస్తువు వాళ్లకు చేరాలి.

4. గేటు దగ్గర టికెట్లు చింపిన నా స్నేహితుడు ఖాజా మియాకు నా మూడు సెల్లుల టార్చిలైటు రాద్దామనుకున్నాను. అతను ఈ వీలునామాకు సాక్షి. సాక్షికి ఏమీ రాయకపోవడమే మంచిదని నరేందర్ అన్నాడు. అందుకని నిన్న సాయంత్రం ఇంటికి పిలిచి, ఛాయ్ తాగించి, చేతికే ఇచ్చేశాను. "నువ్వు సచ్చినంక ఇస్తే గీ ఛాయ్ ఎవరు తాపుతుండె" అన్నాడు. కాబట్టి ఈ అంశం కింద ఇవ్వవలసింది ఏమీ లేదు.

5. నేను రాసుకున్న పొడుగు నోటుబుక్కు నా మనవరాలు శ్రుతికి చెందాలి. హైదరాబాదులో సినిమాల గురించి చదువుతున్నది, దీని విలువ తెలిసింది దానికొక్కదానికే. మా టాకీసులో వారం మించి ఆడని సినిమాలు నూట ఎనభై ఆరు అందులో ఉన్నాయి. ఎన్ని రోజులు ఆడింది, అందులో ఏది బాగుంది, ఈ రెండే రాశాను. 'తలుపు వెనక తాతయ్య' నాలుగు రోజులు ఆడింది. అందులో ఒక ముసలాయన తన పెళ్లికి తానే పందిరి వేసుకుంటాడు, ఆ నవ్వు నేను ఇప్పటికీ నవ్వుతాను. 'మిగిలిన అంగీ' ఐదు రోజులు. చనిపోయిన తమ్ముడి అంగీ వేసుకుని అన్న పంచాయతీకి పోతాడు. తమ్ముడు పోయాడని అక్కడ ఎవరికీ చెప్పడు. హాల్లో ఇరవై మంది ఉన్నారు, ఇరవై మందీ ఏడ్చారు. ఆడని సినిమా అంటే చెడ్డ సినిమా అని కాదు శ్రుతీ. శుక్రవారం వాన పడితే చాలు, ఒక మంచి సినిమా చచ్చిపోయేది.

6. నా మంచం కింద ట్రంకుపెట్టెలో, పాత లుంగీ చుట్టిన రేకు డబ్బా ఒకటి ఉంది. దాంట్లో మూడు వందల ముప్పై అడుగుల ఫిల్ము ఉంది, ఆడిస్తే మూడు నిమిషాల నలభై సెకన్లు. అది 'మామగారి మగ్గం' అనే సినిమా పన్నెండో రీలులోంచి నేను కోసిన ముక్క. ఆ పేరు మీరు విని ఉండరు. 1978 మార్చిలో గద్వాలలో ఏడు రోజులు, తర్వాత వనపర్తిలో నాలుగు, నాగర్‌కర్నూల్‌లో మూడు రోజులు, అంతే దాని ఆయుష్షు.

ఆ ముక్కలో ఉన్నది సుభద్రమ్మ. మా వెనక వీధిలో చీరలు నేసే నర్సింహులు భార్య. ఆ సినిమావాళ్లు మన కోటలో రెండు రోజులు షూటింగు పెట్టినప్పుడు ఆమెకు ఒక నవ్వులాట సన్నివేశం దొరికింది. అప్పుడామె వయసు ఇరవై మూడు.

సాయంత్రం మొదటి ఆట చూసినవాళ్లు ధరూర్ పోయే ఆఖరి బస్సు అందుకోవాలి. లేకపోతే సినిమా మధ్యలో లేచిపోయేవాళ్లు, మర్నాడు ఆ ఊళ్ల నుంచి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. అందుకని పొడుగు సినిమా వస్తే పది నిమిషాలు తగ్గించమని మా ఓనరు హుకుం. శుక్రవారం పొద్దున డబ్బా వచ్చేది, మధ్యాహ్నం ఆట. చూసి కోసే వ్యవధి ఉండేది కాదు. ఫిల్మును వెలుతురుకు పట్టి, హీరో హీరోయిన్లు లేని చోట కోసేవాణ్ని. అట్లా మూడు చోట్ల కోశాను. పన్నెండో రీలులో ఉన్నది సుభద్రమ్మ అని నేను గమనించలేదు.

మధ్యాహ్నం ఆటకు నేతగాళ్ల వీధి వీధంతా మగ్గాలు ఆపి వచ్చింది. నలభై ఒక్క మంది. ఇంటర్వెల్లులో ఆమె, "ఇంక ముంగటున్నది, సూడుండ్రి" అని అందరికీ చెబుతున్నదట. సినిమా అయిపోయి లైట్లు వేసినా వాళ్లు లేవలేదు. ఖాజా మియా వెళ్లి అయిపోయిందని చెబితే లేచారు. ఆమె, నర్సింహులు మెట్లెక్కి నా గదికి వచ్చి అడిగారు. డబ్బా అట్లనే వచ్చిందమ్మా, కంపెనీవాళ్లే తీసేసినట్టున్నరు, అని చెప్పాను.

నర్సింహులు భార్యను నమ్మాడు. గద్వాలలో లేకపోతే వనపర్తిలో ఉంటుందని బస్సెక్కి వనపర్తి పోయి చూశాడు. లేదు. నాగర్‌కర్నూల్ కూడా పోయి చూశాడు. అక్కడా లేదు. మా జిల్లాకంతా ఒక్కటే ప్రింటు, అదే డబ్బా ఊరూరా తిరుగుతుందని నేతగాడికేం తెలుసు? కోసిన ముక్కలను వారం చివర మళ్లీ అతికించి పంపడం మా పద్ధతి. మిగతా రెండూ అతికించాను. ఇది అతికిస్తే వనపర్తిలో ఆమె కనబడుతుంది, గద్వాలలో కోసింది నేనని బయటపడుతుంది. అందుకని దాచాను.

మూడు ఊళ్లలోనూ లేదని తేలాక ఆమె అత్త భీమమ్మ ఒకటే మాట పట్టుకుంది. "షూటింగ్ అని రెండు దినాలు యాడ తిరిగొచ్చినవ్?" ఆ మాట వీధి పట్టుకుంది. నర్సింహులు భార్యతో మాట్లాడటం మానేశాడు. మళ్లీ మాటలు కలవడానికి రెండేళ్లు పట్టిందని విన్నాను. ఆమె మళ్లీ ఏనాడూ టాకీసు మెట్లు ఎక్కలేదు.

7. పై అంశంలో గమనించలేదని రాశాను. అది అబద్ధం. కొట్టివేద్దామనుకున్నాను, కానీ అబద్ధం కూడా నా చేతిరాతే కనుక ఉండనిస్తున్నాను. దాని బదులు ఇది చెల్లుతుంది.

కోట గేట్లు మూసి తీశారు ఆ సన్నివేశం. ఊరివాళ్లలో లోపల ఉన్నది ఇద్దరమే, ఆమె, నేను. టాకీసు ఆపరేటరునని చెప్పుకుని, రెండు రోజులు వాళ్లకు మంచినీళ్లు మోసి, ఒక చిన్న వేషం సంపాదించాను. చీర కొనడానికి వచ్చినవాడిగా, "ఈ చీర ఎంత?" అని అడగాలి, అంతే. రోజూ దీపం వెలిగించే నేను ఆ దీపాల ముందు నోరు తెరవలేకపోయాను. ఏడు సార్లు తీశారు. ఏడోసారి సుభద్రమ్మ మగ్గం మీంచి తలెత్తి, "ఏందన్నా, నోట్ల పోగు ఇర్కిందా?" అన్నది. అందరూ పడీపడీ నవ్వారు. డైరెక్టరుకు ఆ మాట తెగ నచ్చింది. నన్ను పక్కకు జరిపి, నత్తిగా మాట్లాడే ఒక నటుణ్ని నిలబెట్టి, ఆమె చేత అదే మాట మళ్లీ అనిపించి, సన్నివేశమంతా ఆమె మీదే తీశాడు.

ఆ శుక్రవారం ఫిల్మును వెలుతురుకు పట్టగానే ఆమెను గుర్తుపట్టాను. ఊరంతా ఆ నత్తివాణ్ని చూసి నవ్వుతుంటే అది నేనేనని నాకు తెలుస్తుంది కదా అనిపించింది. కుళ్లుతో కోశాను. బస్సు సాకు మాత్రమే.

ఇంకొకటి. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన మర్నాడు నర్సింహులు నన్ను ఛాయ్ హోటల్లో పట్టుకుని, "అన్నా, నువ్వు లోపల ఉంటివంట గదా. నిజంగ తీసిన్రా?" అని అడిగాడు. "నేను జల్ది వచ్చేసిన తమ్మీ, నాకు తెల్వదు" అన్నాను. అతను తల ఊపి, నా ఛాయ్‌కి కూడా డబ్బులిచ్చి పోయాడు. 2019లో చనిపోయేదాకా మేం వారానికి రెండు మూడు సార్లు కలుసుకునేవాళ్లం. మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్నేమో అనుకుంటూ ఉంటాను. చెప్పేవాణ్ని కాదు.

8. పై ఫిల్ము ముక్క నా తదనంతరం సుభద్రమ్మకు చెందాలి. ఆ సినిమా ప్రింట్లన్నీ వెండి కోసం కరిగించారట, శ్రుతి ఎంత వెతికినా ఎక్కడా ఒక్క రీలు దొరకలేదు. హీరో లేడు, పాటలు లేవు, సినిమా మొత్తం పోయి ఆమె ఒక్కతే మిగిలింది. హైదరాబాదులో పాత సినిమాలు భద్రపరిచేవాళ్లకు ఇద్దామని శ్రుతి అంటున్నది. సుభద్రమ్మ ఒప్పుకోకుండా అది ఎవరికీ ఇవ్వకూడదు, ఎక్కడా చూపించకూడదు.

9. ఇంతవరకు రాసి నరేందర్‌కు చూపించాను. ఏడో అంశం తీసేయమన్నాడు. తీయనన్నాను. తర్వాత ఎనిమిదోది చదివి, "ఆమె నీకంటె ముందుగాల పోతే ఇది చెల్లదు పెద్దాయనా. రాసింది రాసినట్లే ఉంటది, ముట్టేది ఎవ్వరికి?" అన్నాడు. ఆమెకు డెబ్బై ఒకటి. మొన్న ఎండాకాలంలో నెల రోజులు దవాఖానలో ఉండి వచ్చింది. నేను ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయాను. నాకు ధైర్యం లేదు కనుక నా చావు చేత చెప్పిద్దామనుకున్నాను. టార్చిలైటు బతికుండగానే ఇవ్వగలిగినవాణ్ని ఇది ఎందుకివ్వలేను? కాబట్టి ఎనిమిదో అంశాన్ని ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను.

10. మంగళవారం పొద్దున శ్రుతిని తోడు తీసుకుని డబ్బాతో ఆమె ఇంటికి పోయాను. మగ్గం ఇప్పుడు కోడలు నేస్తున్నది. విషయమంతా, వీలునామాలో రాసిన సంగతితో సహా, నిలబడే చెప్పాను. శ్రుతి ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూపించింది. పులిసిన వాసన కొడుతున్నది, అంచులు ముడుచుకుపోయాయి, అయినా బొమ్మ ఉంది. సుభద్రమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"నాకెందుకు తెచ్చినవన్నా? నేనున్ననని నాకు తెల్వదా? తెల్వక పోయింది ఆయన" అన్నది.

డబ్బా మూత పెట్టి నా చేతికి ఇచ్చేసింది. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. కాసేపటికి, కాగితంలో ఏం రాశావో చదవమన్నది. ఆమె ముందు, ఆమె కొడుకు కోడళ్ల ముందు ఏడో అంశం రెండు సార్లు చదివించింది. రెండోసారి గొంతు పెంచమన్నది, పక్కింట్లోకి వినబడాలని.

ఆ డబ్బాను ఎవరి పేరా రాసే హక్కు నాకు లేదు. ఆమె గానీ ఆమె తర్వాత ఆమె పిల్లలు గానీ అడిగేదాకా శ్రుతి దాన్ని ఎండ తగలకుండా కాపాడాలి. అడగకపోతే అట్లాగే ఉండాలి.

పై విషయాలన్నీ చదువుకుని, నా ఇష్టపూర్వకంగా సంతకం చేస్తున్నాను.

గద్వాల, 19-11-2025, బుధవారం.

(సంతకం) గట్టు తిమ్మప్ప

సాక్షులు:

1. ఖాజా మియా, చంద్రకళ టాకీసు మాజీ గేట్‌మన్. వేలిముద్ర.

2. సుభద్రమ్మ, భర్త కీ.శే. నర్సింహులు, నేత పని. సాక్షిగా ఎవరూ పిలవకుండానే వచ్చింది. వీలునామా మొత్తం చదివించుకుని విన్నది. సంతకం కింద ఆమె చెప్పగా నరేందర్ రాసినది: "ఏడోది నిజం. ఆ రెండు దినాలు నేను కోటలనే ఉన్న."