దీర్ఘం లేని ఓకే

అమీర్‌పేట,
12 ఆగస్టు 1997

ప్రియమైన క్లాస్‌మేట్ కేదార్‌కు,

మెహబూబ్ దీవెనలు. ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను, ఎవరి చేతా రాయించలేదు. నమ్మకపోతే అక్షరాలు చూడు. ఇంత వంకరగా చదువుకున్నవాడెవడూ రాయడు.

మీ అమ్మమ్మ జానకీదేవి టీచరమ్మ ఈ ఎండాకాలం పంజాగుట్టలో మనిద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. నాకు అరవై ఆరు, నీకు పంతొమ్మిది. అమెరికాలో పుట్టిన నీకు తెలుగు రాయడం రాదు, అమీర్‌పేటలో పుట్టిన నాకు ఏదీ రాయడం రాదు. ఇద్దరికీ కలిపి రెండో తరగతి వాచకం తెరిచింది. నేను నీ నోట్‌బుక్కులోకి తొంగి చూశానని ఆవిడ పట్టుకోవడం నువ్వు మర్చిపోయి ఉండవు. చూసిన మాట నిజం. నువ్వు తప్పు రాశావు, అందుకే నాదీ తప్పయింది.

ఆంప్లిఫయర్ క్షేమంగా చేరిందా? మీ తాతగారు పందిళ్లలో మైకుకు వాడిన పెట్టె అది. అటక మీద పదేళ్లు పడి ఉంది. ఇలాంటి వాల్వుల సెట్టు ఇప్పుడు ఎవడూ తయారు చేయడం లేదు. మీ దగ్గర కరెంటు సగమే వస్తుందన్నావు కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ విప్పి నా చేత్తో మళ్లీ చుట్టాను. బర్రుమని మోత వస్తే మీ ఇంటి వైరింగు చూసుకో. నా చుట్టులో తప్పు ఉండదు.

నా దుకాణంలో బాగైన ప్రతి వస్తువు వెనకా తెల్లరంగుతో గుర్తు పెడతాను. ముందు సున్నా చుట్టేవాణ్ణి. చదువు వచ్చింది కనుక ఇప్పుడు మాట రాస్తున్నాను. ఆ మాట మొదట రాసింది నీ పెట్టె మీదే. అది ఉన్నంతకాలం, అంటే మూడేళ్లు, నా పూచీ.

మా ఫఖ్రున్నీసా పక్కనే కూర్చుని అడుగుతోంది: "గా పోరడు సక్కగ తింటుండా? జర రాయమను." రాయి.

కాగితం అయిపోయింది. ఇక్కడ అంతా ఒకే.

నీ క్లాస్‌మేట్,
మెహబూబ్, రేడియో మెకానిక్


3 నవంబర్ 1997

ప్రియమైన ఉస్తాద్‌కి,

నమస్కారం. డిక్షనరీ పక్కన పెట్టుకుని రాస్తున్నాను. తప్పులుంటే అమ్మమ్మకి చూపించకండి.

బాగానే తింటున్నానని ఫఖ్రున్నీసా అమ్మకి చెప్పండి. అబద్ధమే, కానీ చెప్పండి.

మా కాలేజీలో ముగ్గురం కలిసి బ్యాండ్ పెట్టాం. మోలీ పాడుతుంది, గిటార్ వాయిస్తుంది. బెన్ డ్రమ్స్. నేను నాలుగు తీగల బేస్ గిటార్, మీ ఆంప్లిఫయర్‌తో. బట్టలు ఉతికే మెషీన్ల గది పక్కన ప్రాక్టీసు. మొదటి ప్రోగ్రాంకి పోస్టర్ వేయాలి, పేరు లేదు. మూడు గంటలు పోట్లాడుకున్నాం. అప్పుడు మోలీ పెట్టె వెనక్కి వెళ్లి, ఇక్కడ ఏం రాసి ఉంది అని అడిగింది. నేను చదివాను. ఒకే. అంటే ఒకటే, ఇంకోటి లేదు అని చెప్పాను. మోలీ ఇంకేం మాట్లాడకుండా పోస్టర్ మీద ఇంగ్లీషు అక్షరాల్లో అదే రాసేసింది.

ఓక్లహామా రాష్ట్రం వాళ్లని ఇక్కడ "ఓకీ" అంటారు; మా పేరు అలా చదివి, మీరు ఓక్లహామా వాళ్లా అని అడుగుతున్నారు. కాదని చెప్పడంతోనే మా ప్రోగ్రాం సగం అయిపోతోంది.

ఎంత మంచి మాట రాశారు ఉస్తాద్. నేను సరిగ్గా చదివానా?

మీ బల్ల పక్కవాడు,
కేదార్


అమీర్‌పేట,
9 మార్చి 1998

ప్రియమైన క్లాస్‌మేట్ కేదార్‌కు,

నీ ఉత్తరం టీచరమ్మకు చూపించవద్దన్నావు. నాకు రెండు మాటలు అర్థం కాక చూపించాను. పెట్టె వెనక రాసిన మాట దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కళ్లజోడు తీసేసి నవ్వింది. ఎందుకో నేను అడగలేదు. వయసైపోయిన మనుషులు దేనికైనా నవ్వుతారు.

నువ్వు సరిగ్గానే చదివావు. నేను రాసింది అదే.

నువ్వు పంపిన మీ పాటల క్యాసెట్ అందింది. స్పీకర్ బల్ల మీద పెట్టి చూశాను. నీ బేస్ బాగుంది. మూడు దెబ్బలు వేసి నాలుగోదానికి ముందు కొంచెం ఆగుతావు. నా దుకాణంలో కూర్చుని వాయించినప్పుడూ అంతే చేసేవాడివి. మసీదు మెట్ల దగ్గర చెప్పులు విప్పుకోవడానికి ఆగినట్టు ఉంటుంది. అది మానకు. ఆ పిల్ల పాట గురించి నన్ను అడగకు, ఇంగ్లీషు నాకు తెలియదు.

ఇక్కడ మైత్రీవనం చుట్టూ మనుషులు పట్టడం లేదు. ఒక్కొక్క మెట్ల వరసకు నాలుగు కంప్యూటర్ క్లాసులు. గదికి రెండు వందల మంది పిల్లలు, అందుకని సార్లు మైకు పెట్టి జావా చెబుతున్నారు. ఆ మైకులన్నీ నా దగ్గరికే వస్తాయి. మొన్న ఒక క్లాసుకు బాగుచేసి బిగించి వచ్చాను. ఆ సారు, "మైకు కూతపెడుతున్నది చాచా" అని మనిషిని పంపాడు. వెళ్లి పక్కనే నిలబడ్డాను. ఏ కూతా లేదు. లేదనే చెప్పాను. పిల్లలందరూ చెవులు మూసుకుని నవ్వారు. చదువుకునే పిల్లలకు ఆ మాత్రం మర్యాద నేర్పడం లేదు.

ఈ మధ్య అందరూ నోట్లో నోట్లో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఉత్తరమే నయం.

నీ క్లాస్‌మేట్,
మెహబూబ్


20 సెప్టెంబర్ 1999

ప్రియమైన ఉస్తాద్‌కి,

చాలాకాలం రాయలేదు. కోప్పడండి, కానీ ఈ ఉత్తరం చివరిదాకా చదవండి.

రెండేళ్లుగా ఒక పాత వ్యాన్ వేసుకుని తిరిగాం. కాలేజీ నుంచి కాలేజీకి. ఇక్కడ ప్రతి కాలేజీకి చిన్న రేడియో స్టేషన్ ఉంటుంది, విద్యార్థులే నడుపుతారు. వాళ్లు మా పాటలు వేయడం మొదలుపెట్టారు. ఒక ఊళ్లో మేం వెళ్లేసరికి జనం మా పాట మాకన్నా ముందే పాడుతున్నారు. ఆ సాయంత్రం మీరుంటే బాగుండేదనుకున్నాను.

ఇప్పుడు ఒక పెద్ద రికార్డుల కంపెనీ పిలిచింది. వాళ్లకి మోలీ కావాలి, బెన్ ఫరవాలేదు. నేను వద్దు. నా బేస్ ఆలస్యంగా వస్తుందని వాళ్ల మనిషి అన్నాడు. మీరు చెప్పిన ఆ ఆగడమే. డబ్బు తీసుకుని వాయించే మనిషిని తెచ్చి అవే మూడు పాటలు మళ్లీ రికార్డు చేయించాడు. మోలీ ఏమీ తేల్చడం లేదు, నువ్వే చెప్పు అంటోంది. నేను తప్పుకుంటే వాళ్లిద్దరికీ మంచి రోజులు వస్తాయి. నాకూ అలాగే అనిపిస్తోంది. రోజూ కొంచెం ఎక్కువ అనిపిస్తోంది.

మీరు ముఖం మీద చెప్పే మనిషి. దీంతో పంపుతున్న క్యాసెట్‌కి ఒక పక్క నేను, రెండో పక్క అతను. ఎటు ఎవరో రాయడం లేదు. విని చెప్పండి. నేను ఉండాలా, మానాలా? నవంబర్ మొదటికల్లా కంపెనీకి జవాబు చెప్పాలి.

మీ బల్ల పక్కవాడు,
కేదార్


అమీర్‌పేట,
6 అక్టోబర్ 1999

ప్రియమైన కేదార్‌కు,

మొదటి పక్క నువ్వు. రెండో పక్క వాడు పంజాగుట్ట చౌరస్తాలో స్కూటర్ తోలినట్టు వాయించాడు, ఎక్కడా సందు వదలకుండా. చెయ్యి తిరిగినవాడే, కాదనను. కానీ వాడు ఎవడైనా కావచ్చు.

ఉండు. మానేస్తే నా పెట్టె నాకు తిరిగి పంపు.

మెహబూబ్


18 జూన్ 2001

ప్రియమైన ఉస్తాద్‌కి,

మీ ఆ చిన్న ఉత్తరం ఇంగ్లీషులో మోలీకి చదివి వినిపించాను. "వాడు ఎవడైనా కావచ్చు" అన్న చోట ఆపమంది. లేచి వెళ్లి కంపెనీకి ఫోన్ చేసి వద్దని చెప్పేసింది. తర్వాత ఒక చిన్న కంపెనీతో మా రికార్డు మేమే చేసుకున్నాం, మీ పెట్టెతో. కాలేజీ రేడియోల్లో ఏడాది పైన ఆడింది. గొప్పవాళ్లం కాలేదు. అద్దె కట్టడానికి ముగ్గురం మూడు ఉద్యోగాలు చేశాం. అయినా బాధ లేదు.

ఇప్పుడు అయిపోయింది. బెన్‌కి కూతురు పుట్టింది. మోలీ చిన్నపిల్లల బడిలో టీచర్‌గా చేరుతోంది. పోట్లాటలేమీ లేవు. పోయిన శనివారం మొదలుపెట్టిన కాలేజీ హాల్లోనే ఆఖరి ప్రోగ్రాం ఇచ్చాం.

ఆ రోజు ఒక పని చేద్దామనుకున్నాను. ముందే పంజాగుట్టకి ఫోన్ చేసి, మిమ్మల్ని ఇంటికి పిలిపించమని అమ్మమ్మని అడిగాను. ఫోన్ స్టేజీ మీద పెట్టి ఒక పాట మీకు వినిపించాలని. అమ్మమ్మ అంది: "ఏంటి నాన్నా, నీకు తెలియదా? ఆయనకి రెండు చెవులూ పోయి మూడేళ్లు దాటింది."

ఆ ప్రోగ్రాం ఎలా వాయించానో నాకు గుర్తులేదు.

నేను మీ మాట మీద ఉన్నాను ఉస్తాద్. నేనే కాదు, మోలీ, బెన్ కూడా. వినకుండా ఎలా చెప్పారు? ఊరికే నా మనసు నొప్పించకూడదనా? అదే అయితే అదీ రాయండి. డిసెంబర్‌లో పంజాగుట్ట వస్తున్నాను. కానీ జవాబు ముందు కాగితం మీద కావాలి.

కేదార్


అమీర్‌పేట,
5 జూలై 2001

ప్రియమైన క్లాస్‌మేట్ కేదార్‌కు,

నిజమే. వినపడదు. నువ్వు వచ్చిన ఎండాకాలానికే ఎడమది పోయింది, కుడిది కొంచెం ఉండేది. నువ్వు మెల్లగా మాట్లాడుతున్నావని, అన్నం తినలేదా అని కసిరేవాణ్ణి గుర్తుందా? తరువాతి చలికాలంలో అదీ పోయింది. ఆ జావా క్లాసులో మైకు కూతపెట్టిందట. తరువాత తెలిసింది.

చెవిటివాడికి రేడియో బాగుచేయమని ఎవడిస్తాడు? అందుకని చెప్పలేదు. గిరాకీ వస్తే ఫఖ్రున్నీసా నా వీపు మీద ఒకసారి తడుతుంది. కోపంగా వచ్చినవాడైతే రెండుసార్లు. అలాగే దుకాణం నడుస్తోంది. నీకు చెప్పాలని రెండు కాగితాలు రాసి చించాను. అది పొగరు. పొగరని నాకూ తెలుసు, నువ్వు రాయనక్కరలేదు.

ఇప్పుడు నీ ప్రశ్న. పెద్ద స్పీకర్‌ను బల్ల మీద వెల్లకిలా పెట్టి దాని లోపలి పేపర్ గిన్నె అంచు మీద అరచెయ్యి ఆనించాను, అదురు చేతికి తెలుస్తుంది. ఇప్పుడు ఏ సెట్టైనా అలాగే చూస్తాను. మోలీ పాట నా చేతికి రాలేదు. ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో ఈ రోజుకీ నాకు తెలియదు, మాఫీ చెయ్యమన్నానని చెప్పు. బెన్ డ్రమ్ము పక్కింటివాళ్ల తలుపు తట్టినట్టు వచ్చింది. రెండో పక్క బేస్ చెయ్యంతా పాకింది, ఎక్కడా ఆగలేదు. మొదటి పక్క మూడు దెబ్బలు పడ్డాయి. చెప్పులు విప్పుకున్నంతసేపు ఏమీ లేదు. తరువాత అడుగు లోపల పడింది. నా దుకాణంలో, నా ముందు, నాకు కాస్త చెవి ఉన్నప్పుడు నువ్వు వాయించింది అదే. మూడుసార్లు తిప్పి చూశాను. మూడుసార్లూ నువ్వే. ఫఖ్రున్నీసా నా ముఖం చూసి, "గా పోరడు వచ్చిండా?" అని పెదాలతో అడిగింది.

పాట ఎవరిది బాగుందని నువ్వు అడిగావు. దానికి నేను జవాబు చెప్పలేదు. నువ్వు ఏ పక్కన ఉన్నావో చెప్పాను. ఆ తేడా నాకు తెలుసు, తెలిసే ఉండమన్నాను. నీ మనసు కోసం కాదు. ఎవరి మనసు కోసమూ నేను ఏదీ చెప్పను, మా ఇంట్లో అడుగు. దానివల్ల నీకు నష్టం జరిగి ఉంటే డిసెంబర్‌లో వచ్చి నా ఎదురుగా నిలబడి తిట్టు. పెదాలు చూసి అర్థం చేసుకోవడం నేర్చుకున్నాను. తెలుగులోనే తిట్టు, ఇంగ్లీషు పెదాలు నాకు తెలియవు.

ఇంకొకటి ఉంది. ఇదీ చెప్పేస్తే బరువు దిగుతుంది. నీ పెట్టె వెనక నేను రాయాలనుకున్నది ఓకే. బాగైంది, తీసుకుపోవచ్చు, అంతే. ఓ రాయబోయి ఒ రాశాను. టీచరమ్మ నవ్వింది అందుకే. తరువాత నన్ను కూర్చోబెట్టి యాభైసార్లు దీర్ఘంతో రాయించింది. నువ్వు సరిగ్గా చదివావు, నేనే సరిగ్గా రాయలేదు. నాలుగేళ్లు మీరు ముగ్గురూ నా తప్పును పోస్టర్లకు అంటించుకుని ఊరూరా తిరిగారు.

దిద్దాలని ప్రతి ఉత్తరానికీ అనుకునేవాణ్ణి. ఆ క్యాసెట్ చూసిన రోజు నుంచి అనుకోలేదు. ముగ్గురి పాటలో నా చేతికి పూర్తిగా అందింది ఒకటే.

వచ్చేటప్పుడు పెట్టె తీసుకురా. మూడేళ్ల పూచీ ఎప్పుడో దాటిపోయింది. వాల్వులు మార్చాలి. నువ్వు వాయించు, నేను చెయ్యి పెట్టి కూర్చుంటాను. ఫఖ్రున్నీసా నీకు పెట్టేదంతా తినాలి, ముందే చెబుతున్నాను. వెనక రంగు వెలిసిపోయి ఉంటుంది. దాని మీద మళ్లీ రాస్తాను. ఈసారి తెలిసే రాస్తాను, టీచరమ్మ నవ్వితే నవ్వనీ.

ఒకే.

నీ క్లాస్‌మేట్,
మెహబూబ్