మేడమెట్లకు తాళం

బుధవారం రాత్రి, ఎమ్మిగనూరు

పాపను ఒకటో తరగతిలో చేర్చడానికి ఈరోజు ఆయనా నేనూ ఇంగ్లీషు మీడియం బడి ఒకటి చూసి వచ్చాం. చిన్నపిల్లల క్లాసులన్నీ మేడమీదే. పైకి ఒకటే మెట్లదారి, దానికి ఇనుప గేటు, గేటుకు తాళం. కమ్మీల వెనక నిలబడిన ఒక పిల్ల నన్ను చూసి, "అక్కా, తాళం తీయవా? ఒంటేలుకు పోవాల," అంది.

తాళంచెవి ఎక్కడని ఆయాను అడిగాను.

"సార్ కాడుందమ్మా. సార్ ఆదోనికి పోయినాడు."

ఇంటికొచ్చాక ఈ బడి వద్దన్నాను.

"పిల్లోళ్లు రోడ్డు మీదికి పోకుండా ఏసినార్లే," అన్నాడాయన.

మంటలు లేస్తే ఎట్లా దిగుతారని అడిగాను. రేపు పొద్దున్నే చేర్చి వస్తానంటున్నాడు. నేను లేచేసరికే పాపను తీసుకొని వెళ్ళిపోతాడేమోనని, పడుకోవాలంటే భయంగా ఉంది...