బుధవారం గుడ్లు

కత్రైన్ తల్లీ,

ఫోన్‌లో చెబుదామని మూడుసార్లు నంబరు నొక్కి పెట్టేశాను. అందుకే రాస్తున్నాను. శుక్రవారం నా మనవరాలు నోర్‌కి రక్తపరీక్ష కదా. ఆసుపత్రివాళ్ళ ఫారంలో "పెరటి కోళ్ళ గుడ్లు తినలేదు" అని నువ్వు రాసి ఉంటావు. అది కొట్టెయ్యి.

పోయిన ఏడాది మునిసిపాలిటీవాళ్ళు మా పెరటి మట్టి పరీక్షకు తీసుకెళ్ళారు. నదికి అవతలి ఫ్యాక్టరీ వదిలిన రసాయనం అందులో ఉందని, అది గుడ్లలోకి దిగుతుందని, పిల్లలకు పెట్టొద్దని రాశారు. నువ్వు వచ్చి, "నాన్నా, నోర్‌కి ఒక్క గుడ్డు కూడా పెట్టకు" అన్నావు. సరేనన్నాను. కానీ నా కోళ్ళు నిగనిగలాడుతూనే ఉన్నాయి. చిన్నప్పుడు నువ్వు తిన్నవీ ఈ పెరటి గుడ్లే. కాగితాలు రాసేవాళ్ళకేం తెలుసులే అనుకున్నాను.

బుధవారం ఒంటిపూట బడి. నువ్వేమో గెంట్ నగరంలో ఆఫీసులో ఉంటావు. నోర్ నా దగ్గరికే వచ్చేది. రొట్టెను సన్నగా కోసి ఇస్తే, పచ్చసొనలో ముంచుకుని తినేది. ప్రతి వారం రెండు గుడ్లు.

నిన్న పక్కింటి స్టాన్ మనవరాలి ఫలితం వచ్చింది. గేటు దగ్గర నిలబడి, "మా పిల్ల రక్తంలో ఆ రసాయనం ఉందటయ్యా. పోవడానికి ఏళ్ళు పడుతుందట" అన్నాడు.

నన్ను ఏమన్నా పడతాను. నోర్‌ని మాత్రం కోప్పడకు. డాక్టరు ఎంత బుజ్జగించి అడిగినా "తినలేదు" అనే చెబుతుంది. అలా చెప్పమని నేర్పింది నేనే.

నాన్న